అయిదో జమేదారు

పోస్టుమాను కేక వేసేసరికి నేను మిద్దె మెట్ల మీద కూర్చుని బనగానపల్లె మామిడిటెంక చీకుతున్నాను. పెళ్లయి రెండు నెలలు. కడపలో పుట్టి, మద్రాసులో బి.ఏ. చదివి, కర్నూలుకు కాపురానికి వచ్చాను. కొత్తకోడలు మెట్ల మీద కూర్చుని టెంక చీకకూడదని నాకూ తెలుసు. కానీ ఆ టెంక అలాంటిది.

"సుందరమ్మా! మద్రాసు నుంచి కాగితం! ముద్ర ఉండాది!"

మామయ్య పరిగెత్తుకుంటూ వచ్చారు. పరిగెత్తారంటే ఆయన ఒప్పుకోరు. సుబేదార్ నాగసుబ్బయ్యగారు పటాలంలో ఇరవై నాలుగేళ్లు పనిచేసి రిటైరయ్యారు. పరిగెత్తడాన్ని ఆయన డబల్ మార్చ్ అంటారు.

"చెయ్యి కడుక్కోనొస్తా మామా."

"చెయ్యి సాయంత్రం కడుక్కో. ముందు చదువు!"

ఇంగ్లీషు కాగితానికి ఓ మూల మామిడిరసం అంటించి చదివాను. చదువుతూ చదువుతూ ఒక మెట్టు ఎక్కాను, ఇంకో మెట్టు ఎక్కాను, చివరికి గంతులేయడమే తక్కువ. మద్రాసులోని రిటైరయిన పటాలం ఆఫీసర్ల పెద్ద సంఘంవారు రాసింది ఇదీ: వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు కర్నల్ దొర స్వయంగా కర్నూలు వస్తాడు. జమేదారుగానీ ఆపై హోదాగానీ ఉన్న అయిదుగురు ఆఫీసర్లు డిశ్చార్జి కాగితాలతో హాజరైతే, మామయ్యవాళ్ల సంఘాన్ని కర్నూలు శాఖగా గుర్తిస్తాడు. యుద్ధం అయిపోయింది కాబట్టి, స్టేషను దారిలో ఖాళీగా పడి ఉన్న రిక్రూటింగు ఆఫీసును ఆ శాఖకు అప్పగిస్తాడు. అయిదుగురు లేకపోతే ఉన్నవాళ్లను బళ్లారి శాఖలో కలిపేస్తాడు.

"బళ్లారిలోనా?" మామయ్య మీసం ఒకవైపు వాలింది. "బళ్లారోళ్ల కింద నేను నిలబడల్లనా? దానికంటే తుంగభద్రలో దూకేది మేలు."

"ఎండాకాలం, మోకాలి లోతు కూడా లేవు నీళ్లు," అంది అత్తయ్య వంటింట్లోంచి. ఆవిడ పేరు రాజ్యలక్ష్మమ్మ. పటాలంలో ఉన్నంతకాలం మామయ్య అందరికీ హుకుములు ఇచ్చారు. ఇంటికొచ్చాక ఆవిడ దగ్గర తీసుకుంటున్నారు.

మామయ్యకు బళ్లారి భయం. నాకు వేరే ఆశ. అది చెప్పాలంటే మా గది సంగతి చెప్పాలి.

మిద్దె మీద ఒకే గది. అది మాకని పెళ్లిలోనే చెప్పారు. పందిరి మంచం కాదుగానీ మంచి నవారు మంచం, కిటికీ తెరిస్తే కొండారెడ్డి బురుజు, సాయంత్రం కాస్త గాలి. అన్నీ ఉన్నాయి. మేమే లేము. ఎందుకంటే సంఘానికి వేరే చోటు లేదు. పొద్దున తొమ్మిదింటికి నలుగురు ఆఫీసర్లు వచ్చి మా మంచం మీద వరసగా కూర్చుంటారు. దీపాలు పెట్టేవేళకు లేస్తారు. రాత్రి ఉక్కకు ఇంటిల్లిపాదీ మిద్దె మీదే పడక. అత్తయ్య, మామయ్య, ఇద్దరు మేనత్తలు, పక్కింటి సిద్దమ్మవ్వ కూడా చాపేసుకుని వస్తుంది. మా ఆయన చంద్రమౌళి డిస్ట్రిక్టు బోర్డు ఆఫీసులో గుమాస్తా. రెండు నెలల్లో మేమిద్దరం ఏకాంతంగా మాట్లాడుకున్నది మొత్తం కలిపితే ఒక పోస్టుకార్డులో పట్టేస్తుంది.

అందుకని మాకొక ఉపాయం దొరికింది. సంఘం మినిట్సు పుస్తకం ఇంగ్లీషులో ఉండాలని నియమం. మామయ్యకు ఇంగ్లీషులో హుకుములు తప్ప రావు కాబట్టి ఆ రాతపని నాకు అప్పగించారు. సాయంత్రం మా ఆయన ఇంటికి రాగానే, "తప్పులుంటే దిద్దురా," అని ఆయన చేతికిచ్చేవారు. ఇంతకంటే భద్రమైన తపాలా ఈ జిల్లాలో ఉండదు. "బురుజు మీది గడియారం సరిచేయించాలని కలెక్టరుగారికి మహజరు పంపడమైనది" అన్న తీర్మానం కింద, "ఈ సాయంత్రం మూరెడు మల్లెపూలు తేవలెను" అని ఇంకో తీర్మానం రాసేదాన్ని. మర్నాడు దాని పక్కన "అమలు జరిగినది" అని ఉండేది. నిజంగానే జరిగేది కూడా. నాకు అంతకంటే ఏం కావాలి?

ఆఫీసర్ల సంగతి కూడా చెబుతాను. మామయ్య అధ్యక్షులు. జమేదార్ ఖాసిం సాహెబు ఉపాధ్యక్షుడు. ఈయనా మామయ్యా మొదటి యుద్ధంలో బస్రాలో కలిసి ఉన్నారట. ఆ బస్రాను మా మంచం మీద కూర్చుని వారానికి రెండుసార్లు పట్టుకునేవారు. జమేదార్ ఉరుకుందప్ప ఆదోని వాడు. ఫిరంగుల దగ్గర పనిచేసి చెవులు పోగొట్టుకున్నాడు. అడిగినదానికి కాక, అంతకుముందు అడిగినదానికి జవాబిస్తాడు. నిరుడు, యుద్ధంలో పోయినవాళ్లకోసం రెండు నిమిషాలు మౌనం పాటించమంటే, మధ్యలో "ఏమప్పా, ఎవరూ మాట్లాడరే?" అని అరిచాడట. జమేదార్ నాగేశ్వరయ్య పటాలం సామాన్ల కొట్టులో ఉండేవాడు. కూర్చున్న అయిదు నిమిషాలకు నిద్రపోతాడు, ఓటు వేయాల్సినప్పుడు మాత్రం చెయ్యెత్తుతాడు.

మంచానికి నాలుగు కోళ్లు, సంఘానికి నలుగురు ఆఫీసర్లు. అయిదో ఆయన నందికొట్కూరు పీర్ బాషా. కాగితం వచ్చిన రోజే మామయ్య ఆయనకు కబురు పంపారు. మర్నాడు బస్సు డ్రైవరు జవాబు తెచ్చాడు: పీర్ బాషా అజ్మీరు దర్గాకు పోయాడు, మళ్లీ నెలకు గానీ రాడు.

మామయ్య ఆఫీసర్లను వేళ్ల మీద రెండుసార్లు లెక్కపెట్టారు. రెండుసార్లూ నలుగురే తేలారు.

"ఈ జిల్లాలో ఇంకొక జమేదారే లేకుండా పోయినాడా?" అన్నారు మామయ్య చివరికి. "లెయ్, దండోరా వేపిద్దాం. సుందరమ్మా, రాయి."

రాశాను. "పటాలంలో పనిచేసిన జమేదార్లకూ సుబేదార్లకూ తెలియజేయడమేమనగా" అని మొదలుపెట్టాను. మామయ్య ఆ మొదటి రెండు మాటలూ కొట్టేశారు.

"పటాలంలో కాకుంటే జమేదార్లు ఇంకా యాడుంటారమ్మా? చెట్లకు కాస్తారా?"

"అంతే గదా," అన్నాడు ఖాసిం సాహెబు. "ఊరికే మాటలు యాల పెంచేది?"

నేను కడపపిల్లను, కాలేజీ పిల్లను. జమేదారు అన్నమాట నేను పుస్తకాల్లోనూ మామయ్య నోటా తప్ప వినలేదు. సరే అన్నాను. మామయ్య చివర తన మాటగా చేర్చారు: "ఎవురైనా సరే, యా ఊరోళ్లైనా సరే, జమేదారైతే సాలు. ఆదివారం పొద్దున తొమ్మిదింటికి నాగసుబ్బయ్య ఇంటికాడికి రావల్ల." నేను ఊరుకోకుండా "ఫలహారం ఉంటుంది" అని ఇంకో ముక్క చేర్చాను.

శనివారమంతా డప్పు కర్నూలు సందుసందులా తిరిగింది.

ఆదివారం పొద్దున తలస్నానం చేసి, దొరకు చూపించడానికి మినిట్సు పుస్తకం తెరిచాను. శనివారం సాయంత్రం మా ఆయన పెన్సిలుతో రాసింది అప్పుడు చూశాను. "సుందరా, కొంప మునిగింది. జమేదార్లంటే మా ఆఫీసులోనే ముగ్గురున్నారు. పెద్ద బంట్రోతుల్ని అలాగే అంటారు. కోర్టులో ఇద్దరు. అడవి డిపోలో, జైల్లో ఎంతమందో దేవుడికి తెలియాలి. నీతో చెబుదామంటే పక్కనే సిద్దమ్మవ్వ మేలుకుని ఉంది."

పుస్తకం మూసి కిటికీలోంచి చూశాను. వీధి నిండా జమేదార్లు.

ఎర్రపట్టీ బిళ్లలతో కోర్టు జమేదార్లు. ఖాకీ చొక్కాతో డిపో జమేదారు. అత్తరు దుకాణం గౌస్ పీర్ అయితే బుట్టెడు సీసాలతో సహా వచ్చాడు.

"నువ్వు జమేదారు యెప్పుడైనావప్పా?" అని ఖాసిం సాహెబు అడిగాడు.

"నేను కాదు సాహెబ్, మా ఇంటిపేరు. నవాబుల కాలం నుంచి మేము జమేదారోళ్లం."

అతని వెనకే బురఖాలో ముగ్గురు పిల్లలతో షంషాద్ బీ. "మాది సుబేదారోళ్ల ఇల్లమ్మా," అంది నాతో. "మా ఆయప్ప పొద్దున్నే ఊరికి పోతా నన్ను పొమ్మన్యాడు. ఫలహారం యాడ?"

మొత్తం పంతొమ్మిదిమంది. అత్తయ్య దొరకోసం ఉగ్గాని, మిరపకాయ బజ్జీలు చేసి మూతపెట్టింది. ఆ మూత తీసిన పావుగంటలో అడుగు కనబడింది. "దొరకేం పెట్టల్ల, నా తలకాయా?" అంటూ ఆవిడ మళ్లీ బొరుగులు నానబెట్టింది.

మామయ్య పాత యూనిఫారంలో, పతకాలతో, వాకిట్లో రాయిలా నిలబడిపోయారు. అప్పుడే మోరీ పక్కనుంచి లేవి వచ్చాడు. లేవి మా వీధి మోరీలు తీయించే మున్సిపాలిటీ మనిషి. దినామూ పొద్దున మా ఇంటిముందు ఆగి మామయ్యకు సెల్యూట్ కొట్టేవాడు. మామయ్య తిరిగి కొట్టి, "సెల్యూట్ అంటే అదీ! మోరీలోడికి ఎవురు నేర్పించినారో," అని ప్రతిరోజూ ఆశ్చర్యపోయేవారు. ఈవేళ చర్చికి పోయే తెల్లచొక్కా తొడుక్కుని, చేతిలో బైబిలు పట్టుకుని ఉన్నాడు.

"నువ్వు గూడానా లేవీ!" అన్నారు మామయ్య నీరసంగా.

"ఈయప్ప మున్సిపాలిటీ జమేదారు గదా," అన్నాడు కోర్టు జమేదారు, బజ్జీ కొరుకుతూ.

"దండోరా విని వచ్చినా సార్. ఒక మాట..."

"మాటలు మళ్లా చెప్పు. ఆ మూల మోరీ కాడ నిలబడి దొర కారు వస్తాందేమో చూడు, పో."

లేవి సెల్యూట్ కొట్టి పోయాడు.

పది కొట్టేసరికి కారు వచ్చింది. కర్నల్ దొర పొడుగ్గా, ఎర్రగా, ఎండకు వేగిన బజ్జీలా ఉన్నాడు. వాకిట్లో పంతొమ్మిదిమందిని చూసి ముఖం వికసించింది. "భేష్! మద్రాసులో కూడా ఇంతమంది రాలేదు," అన్నాడు ఇంగ్లీషులో. నేను తెలుగులో చెప్పాను.

ఖాసిం సాహెబు మామయ్య చెవిలో గొణిగాడు. "ఊరకుండప్పా. అనుకుంటే అనుకోనీ. ఆయప్ప అయిదుగురినే చూస్తానన్యాడు, మనకాడ పంతొమ్మిదిమంది ఉండారు. బళ్లారోళ్లు గుండె పగిలి సస్తారు."

మామయ్య పతకాలను ఒకసారి సరిచేసుకున్నారు. నేను ఆయన మొహమే చూస్తున్నాను. మా కిటికీ, మా బురుజు, మా సాయంత్రాలు అన్నీ ఆయన చెప్పబోయే ఒక్క మాటలో ఇరుక్కున్నాయి. మనసులో 'ఊరకుండండి మామా' అనే అనుకున్నాను. అబద్ధమెందుకు చెప్పాలి?

మామయ్య మడమలు ఠక్కున కలిపారు. "ఫోర్ సార్! ఓన్లీ ఫోర్!" అని, ఇంక ఇంగ్లీషు అయిపోయి నావైపు తిరిగారు. "చెప్పమ్మా. మేము నలుగురమే ఆఫీసర్లం. మిగతావాళ్లు ఉగ్గానికి వచ్చినారు."

చెప్పాను. ఉగ్గానిని ఇంగ్లీషులో ఏమంటారో తెలియక ఉగ్గాని అనే అన్నాను. దొర ముఖం చిన్నబోయింది. డైరీ తీశాడు. "నియమం నియమమే, సుబేదార్ సాహిబ్. నాకూ బాధగానే ఉంది. బళ్లారి..."

"సార్!"

అందరం తిరిగి చూశాం. లేవి మోరీ దాటి వచ్చి నిటారుగా నిలబడ్డాడు. చెయ్యి అలా పైకి లేచి నుదుటి దగ్గర ఆగింది. "జమేదార్ లేవి, పయనీరు దళం, అరకాన్ దావ! హాజర్ సార్!"

బైబిలు అట్ట మధ్యలోంచి మడతపెట్టిన కాగితం తీసి ఇచ్చాడు. దొర చదివాడు, నా చేతికి ఇచ్చాడు. నేను పైకే చదివాను. నాలుగేళ్లు. బర్మా అడవుల్లో దావలు, అంటే రోడ్లు, వేయించే పని. హోదా, జమేదారు. కింద ముద్ర. మా కాగితం మీది ముద్రలాంటిదే.

"మేము దావ వేస్తేనే గదా సార్ పటాలాలు నడిచింది," అన్నాడు లేవి దొరతో. దొర నవ్వి, ఆ దావలో తన జీపు మూడుసార్లు బురదలో దిగబడిందన్నాడు. "అది మేము వేయక ముందు సార్," అన్నాడు లేవి వెంటనే.

మామయ్య ఇంకా తేరుకోలేదు. "నువ్వు నాలుగేండ్లు కనపడకుంటే యాడికో కూలికి పోయినావనుకుంటి," అన్నారు మెల్లగా. "మాకు చెప్పలేదేమప్పా?"

లేవిని ఆయన 'అప్పా' అనడం అదే మొదటిసారి.

"వాకిట్లో మీ సంఘం బోర్డు మీద ఆఫీసర్లు అని ఉండాది సార్. మోరీలోడు మెట్లెక్కి నేనూ ఆఫీసర్నే అంటే బాగుంటాదా? దినామూ సెల్యూట్ కొడ్తాంటి గదా. ఇంకెట్ల చెప్పల్ల? నిన్న దండోరావోడు 'జమేదారైతే సాలు' అనె. నేను రెండు రకాలా జమేదారునే. అందుకని వచ్చినా."

సంతకాలకు అందరం మిద్దె ఎక్కాం. దొరకు కుర్చీ వేశారు. నలుగురు ఆఫీసర్లు అలవాటు ప్రకారం మంచం మీద కూర్చున్నారు. లేవి గడప దగ్గర నిలబడ్డాడు. మామయ్య ఒక క్షణం చూసి, జానెడు పక్కకు జరిగారు.

"కూర్చోప్పా. ఆఫీసర్లు నిలబడి సంతకం చేయరు."

లేవి కూర్చున్నాడు. అత్తయ్య కాఫీ గ్లాసులతో వచ్చి గడప దగ్గర ఆగింది. మంచం మీదున్న అయిదుగురినీ లెక్కపెట్టినట్టు చూసింది. కిందికి వెళ్లి అయిదో గ్లాసు తెచ్చి, అదే పళ్లెంలో మిగతావాటి మధ్య పెట్టి అందించింది. అది మంచి ఇత్తడి గ్లాసు, మామయ్య గ్లాసుకు జోడు.

దొర మినిట్సు పుస్తకం తిప్పుతున్నాడు. అందులోని మా తపాలా నాకు అప్పుడు గుర్తొచ్చింది.  గుమ్మం పక్కన మా ఆయన గోడకు అతుక్కున్నాడు.

"మూరెడు మల్లెపూలు తేవలెను," అని పైకే చదివాడు దొర. "చాలా చక్కటి తీర్మానం. అమలు జరిగినదని కూడా ఉంది. ప్రతిరోజూ! సుబేదార్ సాహిబ్, ఇది నిజమా?"

మామయ్యకు అర్థమైంది 'డైలీ' అన్న మాట ఒక్కటే. "యెస్ సార్! డైలీ సార్!" అన్నారు గర్వంగా.

"నిన్నటి తీర్మానం మాత్రం అమలైనట్టు లేదే," అన్నాడు దొర పేజీ తిప్పి. "కిటికీ దగ్గర పది నిమిషాలు ఇద్దరే కూర్చోవలెను." ఆ పేజీ మీంచి కళ్లెత్తి ఒకసారి నా జడలో మల్లెపూలవైపు, ఒకసారి గోడదగ్గర మా ఆయనవైపు చూశాడు.  జేబులోంచి పెన్ను తీసి దాని పక్కన తన సంతకం పెట్టి, "వెంటనే అమలు జరుపవలెను" అని రాశాడు.

సంతకాలు మొదలయ్యాయి. నాలుగు అయ్యాయి. నాగేశ్వరయ్య నిద్రలోనే చేశాడో ఏమో గానీ చేశాడు. అయిదోది లేవిది. అతను పలక మీద రాసినట్టు ఒక్కొక్క అక్షరం దిద్ది, చివర చుక్క పెట్టడానికి ముందుకు వంగాడు.

ఫట్!

రెండు నెలలుగా నలుగురిని మోసిన మంచం అయిదో మనిషికి ఒప్పుకోలేదు. తలవైపు కోడు విరిగింది. శాఖ మొత్తం ఒక పక్కకు జారి, ఒకరిమీద ఒకరు పడింది. కాఫీ నాగేశ్వరయ్య మీద పడి ఆయన మేలుకుని చెయ్యెత్తాడు. ఉరుకుందప్పకు చప్పుడు ఎలా వినబడిందో, "అది మన ఫిరంగే!" అని అరిచాడు. మామయ్య అడుగునుంచి చుక్క పడిన కాగితాన్ని మాత్రం పైకెత్తి పట్టుకుని, "సేఫ్ సార్!" అన్నారు.

దొర కళ్లనీళ్లు తుడుచుకునేదాకా నవ్వాడు. "మీకు కొత్త ఆఫీసు ఎంత అవసరమో నాకు అర్థమైంది," అని స్టేషను దారిలోని ఆఫీసు తాళంచెవి మామయ్య చేతిలో పెట్టాడు. ఉగ్గాని రెండుసార్లు పెట్టించుకుని, బనగానపల్లె పళ్ల బుట్టతో కారెక్కాడు.

కారు కనబడకుండా పోయాక మామయ్య మిద్దె ఎక్కి, విరిగిన మంచాన్ని చాలాసేపు చూశారు. మా ఆయన కిటికీ దగ్గర ఉన్నాడు, నేను పుస్తకం పట్టుకుని ఉన్నాను. ఆయన మా ఇద్దరివైపూ చూడకుండా గొంతు సవరించుకున్నారు.

"సుందరమ్మా, రాసుకో. రేపు పొద్దున ఆరుగంటలకు శాఖ అంతా ఈడ ఫాలిన్, వరసగా నిలబడల్ల. లేవి జమేదారు బండి తెస్తాడు."

"మున్సిపాలిటీ బండి సార్," అన్నాడు మెట్ల మీదినుంచి లేవి. "మూడుతూర్లు కడిగించి తెస్తా."

"పోయేటప్పుడు బండిలో బోర్డు, కుర్చీ, మినిట్సు పుస్తకం."  మామయ్య చెవులు ఎర్రబడ్డాయి. "వచ్చేటప్పుడు వడ్రంగి అంగడి నుంచి కొత్త మంచం. కోళ్లు గట్టివి చూసి తేవల్ల. రాసినావా?"

"రాశాను మామా," అన్నాను.